పట్టుచీర 'సిల్కీ' కాదు: ఇంగ్లీషులో వై, ఇష్ ప్రత్యయాల సంగతి

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థులు, హైస్కూలు ఇంగ్లీషు టీచర్ల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ధర్మవరం పట్టుచీర గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమంటే మీలో చాలామంది 'సిల్కీ శారీ' అని రాస్తారు. మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. చదివేవాళ్లకు మాత్రం వేరేది అందుతుంది. పట్టులాగా నున్నగా, మెత్తగా ఉండే బట్ట అని తోస్తుంది, అసలు పట్టేనా అన్న అనుమానం కూడా వస్తుంది. పాలిస్టర్ చీర సిల్కీగా ఉండొచ్చు, తలవెంట్రుకలు సిల్కీగా ఉండొచ్చు. ధర్మవరం మగ్గం మీద నేసింది 'సిల్క్ శారీ', అంతే. ఒక్క అక్షరం చేర్చి చీర విలువ తగ్గించేశాం.

ఆ అక్షరం వై. దానికి తోడు ఇంకొకటుంది, ఐ-ఎస్-హెచ్, పలకడం 'ఇష్' అని. ఇంగ్లీషు ఇంట్లో, బజారులో, స్నేహితుల మధ్య మాట్లాడుకునేవాళ్లు విశేషణాలు కావలసినప్పుడల్లా ఈ రెంటితో అప్పటికప్పుడు తయారు చేసుకుంటారు. మన పిల్లలు పరీక్షల కోసం 'మాగ్నిఫిసెంట్', 'ఎక్స్‌ట్రార్డినరీ' లాంటివి కంఠతా పట్టి ఉంటారు. సంగటి ఉండలు కట్టిందని చెప్పమంటే మాత్రం ఆగిపోతారు. లంప్ అంటే ఉండ, వై చేరిస్తే 'లంపీ'. ఇంత దగ్గరగా ఉన్న మాటను మనం వాడటం లేదు.

రెండూ పాత ఇంగ్లీషు నుంచి వచ్చినవే. ఇష్ మొదట్లో ఎక్కువగా జాతుల పేర్లకు చేరేది. 'ఇంగ్లిష్' అన్న పేరులోనే అది ఉంది చూడండి. డేనిష్, ఐరిష్, స్కాటిష్, స్పానిష్ అన్నీ ఆ వరసలోవే. 'వెల్ష్', 'ఫ్రెంచ్' అన్న మాటల్లో కూడా ఇదే ఉంది, కాలక్రమంలో కుదించుకుపోయి కనబడటం లేదు. వై పాత రూపం ఐ-జి. జర్మన్‌లో నేటికీ దాని రూపం అలాగే నిలిచింది. ఒక జాగ్రత్త: చివర ఇష్ వినబడ్డ ప్రతి మాటా ఈ కుటుంబం కాదు. ఫినిష్, పనిష్, పబ్లిష్, వానిష్ ఇవన్నీ క్రియలు, ఫ్రెంచి దారిలో వచ్చినవి. అలాగే సిటీ, పిటీ, స్టడీ చివర ఉన్న వై ఈ వై కాదు. 'డాగీ' అని కుక్కపిల్లను ముద్దుగా పిలిచేటప్పటి వై కూడా వేరే.

ముందు వై సంగతి చూద్దాం. ఇది ఎక్కువగా వస్తువు పేరుకు చేరుతుంది. ఆ వస్తువు నిండా ఉందనో, దాని గుణం ఉందనో చెబుతుంది. మన చుట్టూ చూసుకుంటే చాలు. చెనిక్కాయ పండే ఎర్రనేల ఇసుక కలిసింది, శాండీ. గుట్టవార చేలు రాళ్లతో నిండినవి, స్టోనీ. గాలిమరలు పెట్టిన కొండలు విండీ. ఎండాకాలం బస్టాండు డస్టీ. కర్నూలు వైపు నల్లరేగడి వానకు తడిస్తే కాలికి అంటుకుంటుంది, స్టికీ. ఈ చివరిదాన్ని గమనించండి, ఇది వస్తువు పేరు నుంచి పుట్టలేదు. స్టిక్ అంటే అంటుకోవడం, అది క్రియ. క్రియకు వై చేరితే 'ఆ పని చేసే స్వభావం ఉన్నది' అని అర్థం. చ్యూ నుంచి చ్యూయీ, నమిలితే సాగేది. రన్ నుంచి రన్నీ, జారుగా కారిపోయేది. ముక్కు కారుతోందన్నా 'రన్నీ నోస్', సగం ఉడికిన కోడిగుడ్డు సొన కారుతోందన్నా రన్నీయే.

మనవాళ్లు ఎక్కడ తడబడతారంటే, తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులో దించేస్తారు. దుమ్ము ఉంది కాబట్టి 'డస్ట్ ఈజ్ దేర్', ఉప్పెక్కువైంది కాబట్టి 'సాల్ట్ ఈజ్ మోర్', దురదగా ఉంది కాబట్టి 'ఇచింగ్ ఈజ్ దేర్'. ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, కాదనను. కానీ ఇంగ్లీషులో వస్తువు ఉందని చెప్పకుండా, చోటుకో తిండికో ఒంటికో ఆ గుణాన్ని అంటగడతారు. 'ద రూమ్ ఈజ్ డస్టీ', 'ద కర్రీ ఈజ్ టూ సాల్టీ', 'మై స్కిన్ ఈజ్ ఇచీ'. కూర విషయంలో 'టూ' మరిచిపోవద్దు. ఉత్త సాల్టీ అంటే ఉప్పగా ఉందని మాత్రమే, పాడైందన్న మాట టూ వల్లే వస్తుంది.

డాక్టరు దగ్గర ఈ మాటలు నేరుగా పనికొస్తాయి. బెంగళూరులో తెలుగు రాని డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఒళ్లు నొప్పులుగా ఉంటే 'ఏకీ', చేతులు వణుకుతుంటే 'షేకీ', పిల్లికూతలు పట్టినట్టు ఊపిరి శబ్దం చేస్తుంటే 'వీజీ'. జ్వరం వచ్చినట్టుంటే మాత్రం 'ఫీవరీ' అనరు, అక్కడ ఇష్ కావాలి, 'ఫీవరిష్'.

తిండి దగ్గర ఇంకా బాగా నడుస్తాయి. బజ్జి నూనె పీల్చుకుంటే ఆయిలీ. చారు నీళ్లగా ఉంటే వాటరీ. గోంగూర పచ్చడి టాంగీ. చెనిక్కాయల ఊరిబిండి రుచి నటీ. కానీ మనిషిని నటీ అంటే తిక్కవాడని అర్థం, కాబట్టి చూసి వాడండి. ఎర్రకారం దోశను స్పైసీ అనొచ్చుగానీ, స్పైసీ అంటే మసాలాలు దట్టించినదని కూడా వస్తుంది. ఒట్టి కారమే చెప్పాలంటే 'హాట్' సూటిగా ఉంటుంది. మన ఉగ్గానికి బొరుగులు ఎక్కువసేపు నానితే ముద్దైపోతాయి కదా, దానికి 'సాగీ' అన్న చక్కటి మాట ఉంది. డబుల్ జి, వై. దీన్ని విడదీసి చూస్తే మొదటి ముక్కకు ఈ రోజు వాడుకలో పెద్దగా అర్థం దొరకదు. డిజీ, టైడీ లాంటివి కూడా అంతే, ముద్దగా నేర్చుకోవలసిందే.

ఇక్కడ ఒక చిక్కుంది. వై చేరగానే కొన్ని మాటలు పూర్తిగా పక్కదారి పడతాయి. శరీరభాగాల పేర్లు చూడండి. నోస్ నుంచి 'నోజీ', పెద్ద ముక్కున్నవాడు కాదు, ఊరివాళ్ల సంగతుల్లో తలదూర్చేవాడు. చీక్ నుంచి 'చీకీ', పెంకెగా ఎదురు మాట్లాడేవాడు. హ్యాండ్ నుంచి 'హ్యాండీ', అక్కరకొచ్చేది, చేతికందుబాటులో ఉన్నది. 'టచీ' అంటే మనసును తాకేది అనుకుని మంచి సినిమాను టచీ మూవీ అంటారు కొందరు. టచీ అంటే చిన్నమాటకే నొచ్చుకునేవాడు. మనసును తాకేది 'టచింగ్'. జంతువులూ అంతే, ఫిషీ అంటే చేపవాసన అనే కాక, ఏదో మోసం ఉన్నట్టుందని.

'ఫిల్మీ' సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 'వాడి మాటలన్నీ ఫిల్మీగా ఉంటాయి' అని మనం అనేటప్పుడు వాడేది హిందీ ఈ-కారం చేరిన మాట. ఇంగ్లీషులో అదే శబ్దంతో ఉన్న ఫిల్మీ అంటే పలచని పొరలాంటిది, అవతల వస్తువు కనబడేంత పలచన. ఇంగ్లండు మనిషితో 'ఫిల్మీ డ్రెస్' అన్నారంటే సినిమాకూ ఆ దుస్తులకూ సంబంధమే లేకుండా పోతుంది. 'హోమ్లీ' కూడా ఇలాంటిదే. చివర ఉన్నది వేరే ప్రత్యయం, ఎల్-వై, అయినా చెప్పక తప్పదు. మనకు హోమ్లీ ఫుడ్ అంటే ఇంటివంట, మెచ్చుకోలు. ఇంగ్లండులో సాదాసీదాగా, హాయిగా ఉన్నదని. అమెరికాలో ఒక అమ్మాయిని హోమ్లీ అంటే రూపం బాగాలేదని అన్నట్టు. పెళ్లి ప్రకటనలో అమెరికా సంబంధానికి ఈ మాట వేయకండి.

'వుడెన్', 'వుడీ' మధ్య తేడా కూడా ఇక్కడే చెబుతాను. చెక్కతో చేసిన బల్ల వుడెన్. చెక్క గుణం ఉన్నది, ముదిరిపోయి పీచుకట్టిన ముల్లంగి లాంటిది, వుడీ. మట్టికుండ 'ఎర్తెన్', మట్టివాసన 'ఎర్తీ'. 'సిల్క్ శారీ', 'స్టోన్ వాల్' అన్నప్పుడు వస్తువు పేరే ముందు నిలబడి పదార్థాన్ని చెబుతుంది. వై పదార్థాన్ని చెప్పదు, పోలికను, నిండుదనాన్ని చెబుతుంది. పొలం స్టోనీ, గోడ స్టోన్. కడప నాపరాయి పరిచిన ఇంటినేల 'స్టోనీ ఫ్లోర్' కాదు, 'స్టోన్ ఫ్లోర్'.

ఇప్పుడు స్పెల్లింగు. టీచర్లు నోట్ చేసుకోండి, ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. మాట చివర పలకని ఇ ఉంటే తీసేసి వై పెట్టాలి. ఐస్ నుంచి ఐసీ, నాయిస్ నుంచి నాయిజీ, స్పైస్ నుంచి స్పైసీ. ఒకే అక్షరాంశం, అంటే సిలబుల్, ఉండి, ఒకే అచ్చు మీద ఒకే హల్లుతో ముగిస్తే ఆ హల్లు రెండవుతుంది. సన్‌కు రెండు ఎన్‌లు, మడ్‌కు రెండు డిలు, ఫాగ్‌కు రెండు జిలు. అచ్చులు రెండు రాసి ఉంటే రెట్టించరు. రెయిన్‌లో ఎ-ఐ ఉన్నాయి, అందుకే రైనీలో ఎన్ ఒకటే. చివర రెండు హల్లులుంటే కూడా అవసరం లేదు, డస్ట్, సాల్ట్ అలాగే వై తీసుకుంటాయి. డబ్ల్యూ, ఎక్స్ ఎప్పుడూ రెట్టించబడవు, స్నోయీ, వాక్సీ. వాటర్, పెప్పర్, రబ్బర్ లాంటి రెండక్షరాంశాల మాటల్లో ఊనిక, అంటే స్ట్రెస్, మొదటిదాని మీద ఉంటుంది కాబట్టి ఆర్ ఒకటే చాలు.

నియమం తప్పేవి కొన్నున్నాయి. గ్లూ నుంచి వచ్చే గ్లూయీలో ఇ నిలబడుతుంది. హోల్ నుంచి వచ్చే హోలీలోనూ ఇ ఉంచాలి, తీసేస్తే పవిత్రం అన్న మాటవుతుంది, చిరిగిన బనీను పవిత్రమైపోతుంది. ఫైర్ నుంచి వచ్చేది ఎఫ్-ఐ-ఇ-ఆర్-వై. ఇక్కడ ఇ, ఆర్ చోట్లు మారాయి, బాగా చదివినవాళ్లు కూడా తప్పు రాసేది ఈ మాటే. చివర సి ఉంటే మధ్యలో కె తెచ్చుకోవాలి. పానిక్ నుంచి పానికీ, గార్లిక్ నుంచి గార్లికీ, ప్లాస్టిక్ నుంచి ప్లాస్టికీ. కె లేకపోతే సి శబ్దం 'స' అయిపోయి, మాట వేరేగా చదవబడుతుంది. క్లే అంటే బంకమట్టి, దాని చివర అప్పటికే వై ఉంది కాబట్టి మధ్యలో ఒక ఇ పెట్టి రెండో వై చేరుస్తారు.

పలకడం గురించి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. మన భాషలో ఒత్తు ఉంటే నొక్కి పలుకుతాం. గడి వేరు, గడ్డి వేరు. ఇంగ్లీషులో ఒకే మాటలోపల హల్లు రెండుసార్లు రాసినా ఒక్కసారే పలుకుతారు. ఆ రెట్టింపు ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పడానికి మాత్రమే. కాబట్టి రాతలో 'సన్నీ', 'మడ్డీ' అని మనం రాసుకున్నా, నోట్లో 'సని', 'మడి'కి దగ్గరగా రావాలి. రెడ్డిష్ కూడా అంతే, 'రెడిష్'. అక్కడ మొదటి అచ్చు మీద కూడా ఒక కన్నేయండి, నోరు కాస్త ఎక్కువ తెరిస్తే అది ముల్లంగి అవుతుంది.

ఇక ఇష్. నన్నడిగితే ఇంగ్లీషు ప్రత్యయాల్లో ఇంత చిన్నగా ఉండి ఇంత పనిచేసేది ఇంకొకటి లేదు. దేనికి చేరిందో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది, పెట్టుకోవలసిన జ్ఞాపకం అదొక్కటే. మనిషిని చెప్పే మాటకు చేరితే గుణం, అందులోనూ చాలావరకు తప్పుపట్టడం. చైల్డిష్, ఫూలిష్, స్నాబిష్, అమెచరిష్. రంగుకు చేరితే ఆ ఛాయ ఉందని. మామూలు విశేషణానికి చేరితే 'కాస్త', 'ఓ మోస్తరు' అని. అంకెకు, గడియారం టైముకు చేరితే 'సుమారు' అని, ఏడు ప్రాంతంలో రమ్మనడానికి 'కమ్ సెవెనిష్'.

చైల్డిష్ అన్నది తిట్టు. పసితనపు అమాయకత్వాన్ని మెచ్చుకోవాలంటే 'చైల్డ్‌లైక్'. రెండింటికీ తెలుగులో 'చిన్నపిల్లల్లా' అనేస్తాం, స్వరంలో తేడా తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ తేడా ప్రత్యయంలో ఉంది. మ్యానిష్, వుమనిష్ అనే మాటలు ఈ రోజుల్లో ఎవరి గురించీ వాడకండి, రెండూ అవమానకరం. బాయిష్ మాత్రం మినహాయింపు, వయసు మీదపడినా కుర్రతనం తగ్గని నవ్వును 'బాయిష్ స్మైల్' అని ఇష్టంగానే అంటారు. షీపిష్ అంటే గొర్రెలాగా అమాయకుడని కాదు, తప్పు చేసి దొరికిపోయి సిగ్గుపడుతున్నవాడు.

కాస్త అన్న అర్థంలో వచ్చే ఇష్ దగ్గర మనవాళ్లు తరచూ తిరగేసి వాడతారు. ప్రత్యయం చేరితే బలం పెరిగిందనుకుంటారు. 'టాలిష్ మ్యాన్' అంటే బాగా పొడుగువాడు కాదు. టాల్ కంటే తక్కువ, పొడుగువాళ్లలో కలపొచ్చు అనేంత. అందుకే 'వెరీ టాలిష్' అనడం కుదరదు, ఒకే మాటలో ఎక్కువా తక్కువా రెండూ చెప్పినట్టవుతుంది.

దీంతోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ముందు వెరీ పెట్టి చూడండి. వెరీ ఫూలిష్, వెరీ సెల్ఫిష్, వెరీ చైల్డిష్, సాఫీగా పోతాయి, ఎందుకంటే అవి గుణాలు, గుణానికి ఎక్కువతక్కువలుంటాయి. వెరీ సెవెనిష్, వెరీ ఫార్టీయిష్, నోరు తిరగదు. ఇవి సుమారు చెప్పేవి. క్రియావిశేషణం చేసి చూసినా ఇదే తేలుతుంది. ఫూలిష్లీ ఉంది, చైల్డిష్లీ ఉంది, సెవెనిష్లీ లేదు.

ఇష్ అన్ని విశేషణాలకూ చేరదు. చిన్నవాటికి హాయిగా చేరుతుంది: స్మాలిష్, యంగిష్, కోల్డిష్, లేటిష్. ఇంటెలిజెంట్, బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటలకు తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ 'ఫెయిర్లీ', 'క్వైట్' వాడుకోండి. వై అయితే నెస్, షన్ లాంటివి ఇప్పటికే చివర ఉన్న నామవాచకాలకు దాదాపు చేరదు. ఇన్ఫర్మేషన్ నుంచి విశేషణం కావాలంటే ఇన్ఫర్మేటివ్ దగ్గరికే పోవాలి.

ఇష్ స్పెల్లింగు కూడా వై దారిలోనే నడుస్తుంది. రెడ్, బిగ్, ఫ్యాట్‌లకు హల్లు రెట్టింపు, వైట్, లార్జ్, బ్లూలకు ఇ పోతుంది. అంకెల దగ్గర మధ్యలో హైఫన్ పెట్టేస్తే చదవడానికి సుఖం, మరీ ముఖ్యంగా సెవెన్-థర్టీ-ఇష్ లాంటి చోట. తులనాత్మక రూపాలకు మాత్రం రెండూ విడిపోతాయి. వై మాటలు ఐ-ఇ-ఆర్ తీసుకుంటాయి, డస్టియర్, డస్టియెస్ట్. ఇష్ మాటలకు ముందు 'మోర్' పెట్టాలి.

ఇక ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదన్నది. ఈ ప్రత్యయాలు రెండూ మొత్తానికి మొత్తంగా అనధికార భాష అని కొందరు నేర్పుతారు. అది పొరపాటు. రెయినీ, శాండీ, రాకీ ఏ ప్రభుత్వ నివేదికలోనైనా నిలబడతాయి. రెడ్డిష్-బ్రౌన్ అని నేలల శాస్త్రంలో, వృక్షశాస్త్రంలో రాస్తూనే ఉంటారు. ఫీవరిష్, సెల్ఫిష్ ఎవరూ కాదనరు. అనధికారం అయ్యేది రెండు చోట్ల. ఒకటి, అంకెకో టైముకో ఇష్ తగిలించినప్పుడు. రెండు, నిఘంటువులో స్థిరపడని మాటను అప్పటికప్పుడు అల్లినప్పుడు: 'ఐ-టోల్డ్-యు-సో-ఇష్ లుక్' ఇలాంటివి. స్నేహితుల మధ్య, మెసేజ్‌లలో, కబుర్లలో ఇవి అందంగా ఉంటాయి. దరఖాస్తులో 'అబౌట్ సెవెన్ ఓ క్లాక్', 'అప్రాక్సిమేట్లీ ఫార్టీ' అని రాయండి. మందు మోతాదు, రైలు టైము, పరీక్ష టైము వీటి దగ్గర మాటల్లో కూడా ఇష్ వద్దు, ఎదుటివాళ్లు సుమారుగానే తీసుకుంటారు.

కళ్లారా చూసింది వర్ణించేటప్పుడు మాత్రం సుమారు చెప్పడమే నిజాయితీ. ప్రమాదం చూసినవాడు 'టాలిష్, ఫార్టీయిష్, గ్రీనిష్ షర్ట్' అన్నాడంటే తనకు తెలిసినంత మేరకే చెప్పాడన్నమాట.

ప్రశ్నలు రెండొచ్చాయి. ఒక టీచరమ్మ అడుగుతున్నారు, పరీక్షలో పిల్లవాడు సెవెనిష్ అని రాస్తే మార్కు కోయాలా అని. ఏం రాయమన్నామో చూడండమ్మా. ఇద్దరు స్నేహితుల సంభాషణ రాయమంటే కోయొద్దు, అక్కడ అదే సరైన మాట. ప్రిన్సిపాల్‌కు లేఖ రాయమంటే కోసి, పక్కన 'అబౌట్ సెవెన్' అని రాసివ్వండి. ఎందుకు తప్పో రాయకుండా ఉత్త సున్నా చుడితే, వాడు ఆ మాటే తప్పనుకుని మళ్లీ ఎక్కడా వాడడు.

రెండోది ఆ వెనక వరస బాబు అడిగింది. సిరీస్‌లలో 'ఆర్ యు రెడీ?' అంటే 'ఇష్' అని ఒక్కముక్కే జవాబిస్తారు, అది సరైనదేనా అని. సరైనదే, నాయనా. ప్రత్యయం మాట నుంచి ఊడి సొంతంగా నిలబడింది, 'దాదాపు', 'అంతో ఇంతో' అని అర్థం. అయితే అది ముందు అన్న మాటకు జవాబుగానే నడుస్తుంది, వాక్యం మొదలుపెట్టడానికి పనికిరాదు. మన వయసువాళ్లతో, బాగా పరిచయమున్నవాళ్లతో అనొచ్చు. ఇంటర్వ్యూలో 'ఆర్ యు కంఫర్టబుల్ విత్ నైట్ షిఫ్ట్స్?' అని అడిగినప్పుడు ఇష్ అంటే, దాటవేస్తున్నావనుకుంటారు. అక్కడ 'మోస్ట్లీ, యెస్' అని, ఏ రోజులు కుదరవో వెంటనే చెప్పు.